కూలి లెక్క మన పుస్తకంలో



మిరప కోతలకు పోతాం. పత్తి తీతలకు పోతాం. తొడిమలు తీసే పనికి గుంటూరు పోతాం. పొద్దున్నే క్యారేజి కట్టుకుని ఆటో ఎక్కుతాం. పొద్దుగూకి ఇంటికి వస్తాం. వారానికో, పది రోజులకో మేస్త్రి కూలి డబ్బులు ఇస్తాడు. ఎన్ని రోజులకు ఇచ్చాడు? ఆ లెక్క ఎవరి పుస్తకంలో ఉంది?

మా రాత్రి బడికి వచ్చేవాళ్లలో ఒక ముఠా ఉంది. పదకొండు మంది ఆడవాళ్లు. అందరిదీ ఒకే వీధి. పోయిన మిరప కోతలప్పుడు పక్క మండలంలో ఒక ఆసామి చేలో కోతకు ఒప్పుకున్నారు. పని మాట్లాడిపెట్టింది మేస్త్రి. ఆయన పరాయివాడేం కాదు. సగం మందికి వరసకు బాబాయి అవుతాడు. రోజుకు 400 రూపాయలు. ఆటో ఛార్జి ఆసామిదే. ఇదీ మాట. కాగితం లేదు. చెరువు కట్ట మీద నిలబడి అనుకున్న మాట.

17 రోజులు పోయారు. మిరప కోత ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పేదేముంది? నడుము వంగే ఉంటుంది. చేతులు మండుతాయి. ఆ చేత్తో కళ్లు తుడుచుకోలేం. ఇంటికొచ్చి చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా భయమే.

డబ్బులిచ్చే రోజు వచ్చింది. మేస్త్రి తన పుస్తకం తెచ్చాడు. ఒక్కొక్కరి పేరు, పేరు పక్కన అంకె. "ఇక్కడ వేలు పెట్టండమ్మా" అన్నాడు. నలుగురు పెట్టారు. ఐదో ఆవిడ మా బడికి రాబట్టి ఏడాది అయింది. "బాబాయ్, నేను వేలు పెట్టను. సంతకం పెడతా. కొంచెం చదవనీ" అంది.

ఆమె చదవడం నెమ్మది. వేలు కింద పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది. మేస్త్రికి విసుగొచ్చింది. "ఏందమ్మాయ్, తెల్లారుద్దా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. పేరు పక్కన 14 అని ఉంది. దాని కింద "ఆటో 280" అని ఉంది. ఆ కింద "పూర్తిగా ముట్టినది" అని ఉంది.

"14 ఏంది బాబాయ్? 17 రోజులు కదా మేం పోయింది?"

"రెండు రోజులు తుంపర పడింది. మధ్యాహ్నానికే వచ్చేశారు. ఇంకో రోజు మీరే ఆలస్యంగా వచ్చారు. అవి లెక్కలోకి రావు."

"మరి ఆటో మా మీద వేశారేంది?"

"అందరూ ఇస్తున్నారు గదమ్మా."

మీరూ కలం తీసుకోండి. లెక్క కట్టండి. 17 రోజులకు రోజుకు 400 చొప్పున 6,800 రూపాయలు. మేస్త్రి లెక్క 14 రోజులకు 5,600. అందులో ఆటోకు 280 పోతే 5,320. తేడా 1,480 రూపాయలు. ఇది ఒక్క మనిషికి. పదకొండు మందికి 16,280.

ఆ రాత్రి అందరూ బడికి వచ్చారు. పాఠం జరగలేదు. ఎవరికి తోచింది వాళ్లు అరిచారు. ఒకామె 17 అంటుంది, ఒకామె 18 అంటుంది. గోడ మీద బొగ్గు గీతలు పెట్టుకున్నామె ఇంటికి సంక్రాంతికి సున్నం వేశారు. అవీ పోయాయి. అప్పుడు ఆ ఐదో ఆవిడ తన కాపీ పుస్తకం తెచ్చింది. అది నేను ఇచ్చిన ఇంటిపని. రోజూ తేదీ వేసి ఒక్క వాక్యం రాయమన్నాను. నిజం చెప్పాలంటే అక్షరాలు గుండ్రంగా రావాలని ఇచ్చిన పని అది. కూలి లెక్కకు పనికొస్తుందని నాకు తట్టనే లేదు.

అందులో ఏముంది? "కోతకు పోయాం. ఎండ." "కోతకు పోయాం. చెయ్యి మంట." ఒక పేజీలో "తుంపర పడింది. ఒంటిగంటకు పంపేశారు" అని ఉంది. ఇంకో పేజీలో కూడా అదే. ఇంకోచోట "పెళ్లి భోజనం. పదకొండుకు పోయాం" అని ఉంది. లెక్క పెట్టాం. సరిగ్గా 17.

మర్నాడు నేనూ, ఇద్దరు అక్కలూ బస్సెక్కి పట్నంలో కార్మిక శాఖ ఆఫీసుకు పోయాం. అక్కడ తెలుసుకున్న సంగతులు, తర్వాత నేను చదివి తెలుసుకున్న సంగతులు మీకు చెబుతాను.

మొదటి సంగతి. నోటి మాట కూడా ఒప్పందమే. మన దేశంలో ఒప్పందాల చట్టం 1872 నుంచి ఉంది. కాగితం మీద రాసుకుంటేనే ఒప్పందం అని ఆ చట్టం అనలేదు. చెరువు కట్ట మీద అనుకున్నా, కల్లంలో అనుకున్నా మాట మాటే. "కాగితం ఉందా?" అని ఎవరైనా అడిగితే భయపడకండి. కాగితం ఉంటే రుజువు సులువవుతుంది. అంతే తేడా.

రెండో సంగతి మొదటిదానికి ఎదురుగా ఉన్నట్టు ఉంటుంది. జాగ్రత్తగా చదవండి. ఒప్పుకున్నా సరే, కొన్ని మాటలు చెల్లవు. ప్రభుత్వం పనికి ఒక కనీస కూలి నిర్ణయిస్తుంది. అంతకంటే తక్కువకు మనం ఒప్పుకున్నా, సంతకం పెట్టినా, ఆ ఒప్పందం చెల్లదు. 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. వ్యవసాయ పనిని కూడా అందులో చేర్చారు. ఇప్పుడు ఆ చట్టం పోయి వేతనాల కోడ్ వచ్చింది. పార్లమెంటు దాన్ని 2019లో చేసింది. అది అమలులోకి వచ్చింది 2025 నవంబరు 21న. పేరు మారింది గానీ కనీస కూలి ఉంది. మన పనికి ఇప్పుడు రేటు ఎంత ఉందో కార్మిక శాఖ ఆఫీసులో అడగవచ్చు. కరువు భత్యం మారినప్పుడు ఆ రేటూ మారుతుంది. అందుకే ఇక్కడ అంకె వేయలేదు. పోయి అడగండి. అడిగితే చెప్పాలి.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఇది ఢిల్లీలో జరిగింది. అయినా మన ముఠా సంగతిలాగే ఉంటుంది.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. వాటి కోసం స్టేడియాలు, వంతెనలు కట్టారు. వేరే రాష్ట్రాల నుంచి వేలమంది కూలీలు పోయారు. వాళ్లను తెచ్చింది జమాదార్లు. అంటే మన మేస్త్రిలాంటి వాళ్లే. పౌరహక్కుల సంఘం ఒకటి ముగ్గురిని పంపి ఆ కూలీల సంగతి కనుక్కుంది. అప్పుడు రోజుకు కనీస కూలి 9 రూపాయల 25 పైసలు. జమాదారు అందులో ఒక రూపాయి తన కమిషన్ కింద పట్టుకుంటున్నాడు. ఆడవాళ్ల చేతికి వచ్చేది 7 రూపాయలే అని ఆ నివేదికలో రాశారు. ఆ సంఘం వాళ్లు సుప్రీంకోర్టు జడ్జి భగవతి గారికి ఒక ఉత్తరం రాశారు. ఉత్తరమే! ఆ ఉత్తరాన్నే కోర్టు కేసుగా తీసుకుంది.

ప్రభుత్వం తరఫువాళ్లు ఏమన్నారు? ఆ కూలీలు మా పనివాళ్లు కాదు, కాంట్రాక్టర్ల మనుషులు అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. పని మీది, కూలి అందేటట్టు చూడాల్సిన బాధ్యత కూడా మీదే అంది. కూలి నేరుగా కూలివాళ్ల చేతికి ఇవ్వాలి, మధ్యలో రూపాయి కూడా కోయకూడదు అంది. 1982 సెప్టెంబరు 18న తీర్పు ఇచ్చింది.

ఆ తీర్పులో ఇంకో మాట ఉంది. కనీస కూలి కంటే తక్కువకు పని చేయించుకోవడం అంటే వెట్టిచాకిరీ చేయించుకోవడమే అంది. కర్రతో కొట్టి చేయిస్తేనే వెట్టి కాదు. ఆకలి కూడా బలవంతమే. ఇంట్లో గింజలు లేక, వేరే దారి లేక తక్కువ కూలికి ఒప్పుకున్న మనిషి ఇష్టపడి ఒప్పుకున్నట్టు కాదు. రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అది ప్రభుత్వానికే కాదు, ఏ యజమానికైనా వర్తిస్తుంది అని కోర్టు చెప్పింది. ఈ తీర్పు చదివి వినిపించినప్పుడు మా బడిలో ఒక పెద్దమ్మ, "ఆకలి సంగతి జడ్జి గారికి ఎట్టా తెలిసిందమ్మాయ్?" అని అడిగింది.

ఇప్పుడు మన ముఠా దగ్గరికి వద్దాం. కూలి ఎవరు ఇవ్వాలి? మేస్త్రా? ఆసామా? "మేస్త్రికి ఇచ్చేశాను, ఆయన్నే అడగండి" అని ఆసామి అంటాడు. "ఆసామి ఇంకా ఇవ్వలేదు" అని మేస్త్రి అంటాడు. ఈ ఇద్దరి మధ్య ఆడవాళ్లు తిరుగుతుంటారు. కొత్త చట్టంలో కూడా కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని యజమాని బాధ్యత పడాలి అని ఉంది. కాబట్టి పోయి ఆసామినే అడగవచ్చు.

తుంపర పడిన రోజుల సంగతి? పని చేయడానికి మనం సిద్ధంగానే ఉన్నాం. వాన వచ్చి యజమాని పంపేశాడు. రోజు కూలికి పెట్టుకున్నప్పుడు, మన తప్పు లేకుండా పని గంటలు తగ్గితే, ఆ రోజుకు పూర్తి రోజు కనీస కూలి రావాలి. మనమే పని చేయమని వచ్చేస్తే ఆ హక్కు లేదు.

ఆదివారం మా బడి వరండాలో ఆసామిని, మేస్త్రిని కూర్చోబెట్టాం. ఊరి పెద్దలు ఇద్దరు వచ్చారు. నా గుండె దడదడలాడింది. నాకు ఇరవై నాలుగేళ్లు. టీచరు ట్రైనింగులో పిల్లలకు పాఠం చెప్పడం నేర్పారు గానీ ఇట్లాంటి పంచాయితీ చేయడం నేర్పలేదు. కాపీ పుస్తకం ముందు పెట్టాం. మేస్త్రి పుస్తకం పక్కన పెట్టాం. తేదీలు ఒక్కొక్కటే చదివాం.

ఆటో మాట వచ్చేసరికి ఆసామి ఆశ్చర్యపోయాడు. "ఆటో డబ్బులు మేస్త్రికి వేరే ఇచ్చానే!" అన్నాడు. మేస్త్రి తల దించుకున్నాడు. పాపం, ఆయన ఇంట్లో కూడా ఏదో అవసరం ఉండి ఉంటుంది. అయినా అది మన ఆడవాళ్ల డబ్బు.

వాన పడిన రెండు రోజులకు పూర్తి కూలి ఇస్తానన్నాడు ఆసామి. పెళ్లి భోజనం రోజు సంగతి మాత్రం మన పుస్తకమే మనకు ఎదురు చెప్పింది. పదకొండుకు పోయాం అని మన చేత్తోనే రాసుంది. "ఆ రోజు మనదే తప్పు. సగం చాలు" అంది ముఠాలో పెద్దావిడ. కొందరికి కోపం వచ్చింది. ఆ పేజీ చూపించకుండా ఉండాల్సింది అని గొణిగారు. నాకు మాత్రం ఆ పేజీ వల్లే మిగతా పేజీలన్నీ ఆసామి నమ్మాడు అనిపించింది.

14 రోజులు, ఇంకో రెండు, ఇంకో సగం. పదహారున్నర రోజులు. రోజుకు 400 చొప్పున 6,600. చేతికి వచ్చింది 5,320. ఇంకా రావాల్సింది 1,280. ఆ వారంలోనే పదకొండు మందికీ ఇచ్చారు. ముందు వేలిముద్ర వేసిన నలుగురికి కూడా వచ్చింది. "పూర్తిగా ముట్టినది అని వేలు పెట్టారు గదా" అని మేస్త్రి ఒకసారి అనబోయాడు. రావాల్సిన కూలిని వదులుకుంటున్నాం అని రాసిన కాగితం చట్టం ముందు చెల్లదు. అది కూడా వేతనాల కోడ్‌లో ఉంది. అయినా ఖాళీ కాగితం మీద, చదవని కాగితం మీద వేలు గానీ సంతకం గానీ పెట్టకండి. చెల్లదని రుజువు చేయడానికి మళ్లీ మనమే తిరగాలి.

పత్తి తీతకు కిలో లెక్కన ఇస్తారు. మిరపకు కొన్నిచోట్ల ఎకరం గుత్తకు ఇస్తారు. కిలో లెక్కకు కనీస కూలి లేదనుకుంటాం. ఉంది. కిలోకు వేరే కనీస రేటు పెట్టనప్పుడు, రోజంతా తీసిన పత్తికి వచ్చిన డబ్బు రోజు కనీస కూలి కంటే తగ్గకూడదు. చివరి తీతల్లో చెట్టున పత్తి ఉండదు. ఎంత తీసినా కాటా లేవదు. ఆ రోజుల్లో ఈ మాట గుర్తు పెట్టుకోండి. కాటా వేసేటప్పుడు అంకె మీరే చూడండి, అప్పుడే రాసుకోండి.

మగవాళ్ల కూలి, ఆడవాళ్ల కూలి సంగతి మీరు అడుగుతారని తెలుసు. ఒకే రకం పనికి ఒకే కూలి ఇవ్వాలి అని 1976లో చట్టం వచ్చింది. ఇప్పుడు అదీ వేతనాల కోడ్‌లో కలిసింది. మగవాళ్లు మందు కొడతారు, టిక్కీలు ఎత్తుతారు, అది వేరే పని అంటారు. సరే. కానీ కల్లంలో తాలు కాయలు ఏరేటప్పుడు మగమనిషీ ఆడమనిషీ పక్కపక్కనే కూర్చుంటారు. అక్కడ కూలిలో తేడా ఎందుకు? అక్కడ అడగవచ్చు.

కూలి ఎప్పుడు ఇవ్వాలి? రోజు కూలి అయితే ఆ రోజు పని అయ్యాక. వారం లెక్క అయితే సెలవు రోజుకు ముందు రోజు. నెల లెక్క అయితే వచ్చే నెల ఏడో తేదీ లోపల. పని మాన్పిస్తే, లేక మనమే మానేస్తే, రెండు పని రోజుల్లో బాకీ తీర్చాలి. "కాయ అమ్మాక ఇస్తా" అనేది చట్టంలో లేదు.

ఈ మాట మనకు బాగా అలవాటు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో మిరప ధర బాగా పడిపోయింది. చివరికి కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కకట్టి ఆదుకుంటామని ప్రకటించింది. రైతులు ఏడ్చారు. వాళ్లలో చాలామంది కౌలు రైతులు. మన అన్నదమ్ములే. వాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ ఒకటి ఆలోచించండి. ధర పెరిగిన ఏడు మన కూలి దాంతోపాటు పెరిగిందా? పెరగలేదు. మరి ధర పడిన ఏడు మన కూలి ఎందుకు ఆగాలి? మనం మాట్లాడుకున్నది రోజుకు ఇంత అని. యార్డు ధరను బట్టి అని కాదు.

దూరం నుంచి కోతలకు వచ్చేవాళ్ల కోసం ఒక మాట. కర్నూలు వైపు నుంచి, మార్కాపురం వైపు నుంచి కుటుంబాలు మన పొలాలకు వస్తాయి. ముందే బయానా తీసుకుని వస్తారు. బయానాను కూలిలో పట్టుకోవచ్చు. కానీ పట్టుకునేవన్నీ కలిపినా కూలిలో సగం దాటకూడదు. "బయానా తీరేదాకా కదలడానికి వీల్లేదు" అని మనుషుల్ని ఆపి, తక్కువ కూలికి పని చేయిస్తే అది వెట్టి. 1976 నుంచి అది నేరం. అట్లాంటిది మీ పక్క చేలో కనిపిస్తే కలెక్టరుకు గానీ, ఆర్డీవోకు గానీ చెప్పండి.

అడిగినా ఇవ్వకపోతే? కార్మిక శాఖకు అర్జీ పెట్టాలి. మనం పెట్టవచ్చు, మన తరఫున సంఘం పెట్టవచ్చు. పాత చట్టంలో ఆరు నెలలే గడువు. ఇప్పుడు మూడేళ్లు ఉంది. బాకీతోపాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం కూడా ఉంది. అంత వేస్తారని కాదు, వేయవచ్చు. కూలి ఇచ్చానని రుజువు చేయాల్సింది యజమానే. ఇవ్వలేదని మనం రుజువు చేయనక్కర్లేదు. కానీ ఎన్ని రోజులు పని చేశామో చెప్పాల్సింది మనమే కదా. అందుకే పుస్తకం.

వకీలుకు డబ్బులు లేవని ఆగకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లందరికీ వకీలు సాయం ఉచితం. ఆస్తి ఎంత, ఆదాయం ఎంత అని చూడరు. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

అర్జీ ఎట్లా రాయాలి అని భయం వద్దు. మన ముఠా ఇట్లా రాసి పెట్టుకుంది. పంపే అవసరం రాలేదు గానీ చూడండి:

"కార్మిక శాఖ అధికారి గారికి. మేము పదకొండు మంది ఆడవాళ్లం. ఫలానా ఊరు. ఫలానా ఆసామి చేలో మిరప కోతకు 17 రోజులు పోయాం. రోజుకు 400 రూపాయలు ఇస్తామన్నారు. 14 రోజులకే ఇచ్చారు. ఆటోకు 280 పట్టుకున్నారు. మా లెక్క పుస్తకం జతచేశాం. మా కూలి మాకు ఇప్పించండి." కింద పదకొండు సంతకాలు. అందులో నాలుగు వంకరగా ఉన్నాయి. అంతకు ముందు వాళ్లు వేలిముద్ర వేసేవాళ్లు.

ఇప్పుడు ఆ ముఠాకు ఒక లెక్క పుస్తకం ఉంది. వంతులవారీగా రాస్తారు. శనివారం సాయంత్రం మేస్త్రి దాని కింద సంతకం పెడతాడు. మొదటి వారం మొహం ముడుచుకున్నాడు. ఇప్పుడు ఆయనే "పుస్తకం ఏదమ్మా?" అని అడుగుతున్నాడు. ఆసామి దగ్గర ఆయనకూ అదే ఆధారం అయింది.

మీరు కూడా ఈ వారం లెక్క రాయండి. ఇట్లా:

సోమవారం. మిరప కోత. పొద్దున 7 నుంచి సాయంత్రం 4 దాకా. కూలి 400.
మంగళవారం. మిరప కోత. కూలి 400. చేతిఖర్చుకు 200 తీసుకున్నాను.
బుధవారం. పోలేదు. పాపకు జ్వరం.
గురువారం. మిరప కోత. వాన. ఒంటిగంటకు పంపేశారు.
శుక్రవారం. మిరప కోత. కూలి 400.
శనివారం. కల్లంలో తాలు ఏరాను. కూలి 400.

గురువారం కూలి ఎంత రావాలి? వారం మొత్తం ఎంత? తీసుకున్న 200 పోతే చేతికి ఎంత రావాలి? లెక్క కట్టండి. కింద మీ సంతకం పెట్టండి. మేస్త్రి చేత కూడా పెట్టించండి.